రికవరీ డిస్కు లేని ల్యాప్‌టాప్

పాత ల్యాప్‌టాప్ బూట్ కావడం మానేసినప్పుడు చేయాల్సిన పనులు మూడు. అందులో ఉన్న సొంత ఫైళ్లను బయటికి తీయాలి. పాడైంది యంత్రమా, డిస్కా, సాఫ్ట్‌వేరా అన్నది తేల్చాలి. ఆ తర్వాతే ఆపరేటింగ్ సిస్టమ్‌ను మళ్లీ వేయాలి. ఈ వరసకు కారణం ఉంది. విండోస్ అయినా లినక్స్ అయినా దాని నకళ్లు ప్రపంచమంతటా కోట్ల సంఖ్యలో ఉన్నాయి. ఒకచోట పోతే మరోచోట దొరుకుతుంది. ఒక ఇంటి పెళ్లి ఫొటోలకు, ఒక చిన్న వ్యాపారి ఖాతాలకు, ఒక విద్యార్థి ప్రాజెక్టు రిపోర్టుకు మాత్రం చాలాసార్లు ఆ డిస్కులో ఉన్నదే ఏకైక ప్రతి. ‘ఫార్మాట్ కొట్టి విండోస్ వేయడం’తో పని మొదలైతే ఆ ప్రతి పోతుంది.

విశాఖపట్నం లాంటి ఊళ్లో ఈ విద్య అవసరం మరీ ఎక్కువ. ఓడరేవు, ఉక్కు కర్మాగారం, వాటిని ఆనుకుని బతికే కస్టమ్స్ ఏజెంట్ల ఆఫీసులు, లారీ ట్రాన్స్‌పోర్టులు, కాంట్రాక్టర్ల సైటాఫీసులు ఉన్న ఈ నగరంలో పాత ల్యాప్‌టాప్ అంటే ఇంకా పనిలో ఉన్న యంత్రమే. ఏళ్ల తరబడి టాలీ లెక్కలు, బిల్లులు, టెండర్ కాగితాలు అందులోనే పేరుకుని ఉంటాయి. పైగా సముద్రపు గాలి, పోర్టు ధూళి, తుపాన్లు కలిసి ఆ యంత్రాన్ని లోతట్టు ఊళ్లలోకంటే త్వరగా దెబ్బతీస్తాయి.

రికవరీ ఎక్కడ ఉండేది, ఎలా పోయింది

ఒకప్పుడు ల్యాప్‌టాప్‌తోపాటు విండోస్ సీడీ వచ్చేది. తర్వాత కంపెనీలు దాని బదులు రికవరీ పార్టిషన్ ఇవ్వడం మొదలుపెట్టాయి. హార్డ్‌డిస్కులో సాధారణంగా 10 నుంచి 20 జీబీ చోటును విడిగా ఉంచి, కొన్న రోజున సిస్టమ్ ఎలా ఉందో ఆ ప్రతిని, ఆ మోడల్‌కు కావలసిన డ్రైవర్లను అందులో పెట్టేవారు. ఆన్ చేయగానే హెచ్‌పీలో ఎఫ్11, ఏసర్‌లో ఆల్ట్‌తో కలిపి ఎఫ్10, ఆసుస్‌లో ఎఫ్9 నొక్కితే రికవరీ మొదలయ్యేది. లెనోవోలో చాలా మోడళ్లకు ఇందుకోసం నోవో అనే చిన్న బటన్ ఉంటుంది. కొన్నింటిలో అది సూదిమొనతో నొక్కాల్సిన రంధ్రం. కొత్త ల్యాప్‌టాప్‌ను మొదటిసారి వాడుతున్నప్పుడు రికవరీ డీవీడీలు తయారు చేసుకోమని కంప్యూటరే అడిగేది. నాలుగైదు ఖాళీ డీవీడీలు, కొన్ని గంటల సమయం కావాలి కాబట్టి చాలామంది ఆ పని వాయిదా వేశారు. తయారు చేసుకున్నవారి డీవీడీలైనా తేమ తగిలే బీరువాల్లో పదేళ్లు గడిచాక చదవడానికి వస్తాయన్న హామీ లేదు.

ఆ పార్టిషన్ ఎలా మాయమైందో తెలియాలంటే డిస్కు మొదటి సెక్టార్‌ను చూడాలి. పాత పద్ధతిలో దీన్ని మాస్టర్ బూట్ రికార్డ్, పొట్టిగా ఎంబీఆర్ అంటారు. దాని పరిమాణం 512 బైట్లు. మొదటి 446 బైట్లలో బూట్‌ను మొదలుపెట్టే చిన్న ప్రోగ్రాం, తర్వాతి 64 బైట్లలో పార్టిషన్ల పట్టిక, చివరి 2 బైట్లలో ఇది చెల్లుబాటయ్యే రికార్డేనని చెప్పే గుర్తు ఉంటాయి. ఒక్కో పార్టిషన్ వివరానికి 16 బైట్లు పడుతుంది కాబట్టి ఆ పట్టికలో నాలుగు గడులే ఉంటాయి. విండోస్ 7 కాలపు హెచ్‌పీ ల్యాప్‌టాప్‌లు చాలావరకు ఆ నాలుగింటినీ నింపుకునే వచ్చేవి: సిస్టమ్, సి డ్రైవ్, రికవరీ, హెచ్‌పీ టూల్స్. కొన్నవారికి కావలసిందేమో ఫైళ్లు దాచుకోవడానికి ఒక డి డ్రైవ్. ఐదో గడి లేదు. ఏదో ఒకటి తీసేయాలి. రికవరీని తీసేస్తే అప్పటికప్పుడు ఏ ఇబ్బందీ కనపడదు. అలా లెక్కలేనన్ని ల్యాప్‌టాప్‌లలో డి డ్రైవ్ కోసం రికవరీ పోయింది.

మిగతా కారణాలు మామూలువే. ఒకసారి పార్టిషన్లన్నీ చెరిపేసి విండోస్ వేస్తే రికవరీ కూడా చెరిగిపోతుంది. హార్డ్‌డిస్కు తీసి ఎస్ఎస్‌డీ పెడితే రికవరీ పాత డిస్కుతోనే వెళ్లిపోతుంది. డిస్కే పాడైతే రికవరీ కూడా దానితోపాటే పాడవుతుంది. కాపాడాల్సిన సిస్టమ్, దాన్ని కాపాడే సాధనం ఒకే డిస్కులో ఉండటమే ఈ ఏర్పాటులోని మూలలోపం. విండోస్ 10లో ఈ పద్ధతి కొంత మారింది. ‘రీసెట్’ నొక్కితే అది తన సొంత సిస్టమ్ ఫైళ్ల నుంచే కొత్త ప్రతిని కట్టుకుంటుంది. 2020 నుంచి ఇంటర్నెట్ ద్వారా తాజా ప్రతిని దింపుకునే వీలు కూడా వచ్చింది. అయితే రీసెట్ స్క్రీన్ దాకా యంత్రం రాగలిగితేనే ఇవి పనికొస్తాయి.

బూట్ ఎక్కడ ఆగింది?

పవర్ బటన్ నొక్కగానే మదర్‌బోర్డు చిప్‌లోని ఫర్మ్‌వేర్ మేల్కొంటుంది. పాత యంత్రాల్లో దాన్ని బయోస్ అని, సుమారు 2012 తర్వాతి వాటిలో యూఈఎఫ్ఐ అని పిలుస్తారు. అది ముందుగా ర్యామ్, కీబోర్డు, డిస్కు పలుకుతున్నాయో లేదో చూస్తుంది. తర్వాత బూట్‌లోడర్‌ను వెతుకుతుంది. బయోస్ అయితే ఎంబీఆర్‌లోని 446 బైట్ల ప్రోగ్రాంను నడుపుతుంది. యూఈఎఫ్ఐ అయితే డిస్కులో ఫ్యాట్32 పద్ధతిలో విడిగా ఉన్న చిన్న ఈఎఫ్ఐ పార్టిషన్‌లోని ఫైలును తెరుస్తుంది. విశాఖ ఇన్నర్ హార్బర్‌కు వచ్చే ఓడను డాల్ఫిన్స్ నోస్ పక్కనున్న ఇరుకు దారి గుండా పోర్టు పైలట్ బెర్తు దాకా తెచ్చి దిగిపోయినట్టే, బూట్‌లోడర్ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నల్‌ను మెమరీలోకి తెచ్చి తప్పుకుంటుంది. ఆపై అంతా ఆపరేటింగ్ సిస్టమ్ పనే.

ఈ క్రమం తెలిస్తే లోపం ఎక్కడుందో స్క్రీనే చెబుతుంది. కంపెనీ లోగో కూడా రాకుండా క్యాప్స్ లాక్ లైటు మాత్రమే మిణుకుమంటున్నా, బీప్ శబ్దాలు వస్తున్నా లోపం ర్యామ్‌లోనో మదర్‌బోర్డులోనో ఉంది. ఎన్నిసార్లు విండోస్ వేసినా అది పోదు. లోగో వచ్చాక ‘బూట్ డివైస్ లేదు’ అనే సందేశం కనిపిస్తే డిస్కు అందడం లేదు, లేదా బూట్ రికార్డు చెడింది. విండోస్ గుర్తు వచ్చి చుక్కలు తిరుగుతూనే ఉన్నా, నీలం స్క్రీన్ పడుతున్నా సిస్టమ్ ఫైళ్లనో డ్రైవర్లనో డిస్కులోని చెడ్డ సెక్టార్లనో అనుమానించాలి. లాగిన్ దాకా వచ్చి ప్రతి క్లిక్‌కూ హ్యాంగ్ అవుతుంటే చాలాసార్లు హార్డ్‌డిస్కు అరుగుదలే కారణం.

అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష లైవ్ లినక్స్, అంటే ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్‌ను నడిపే పెన్‌డ్రైవ్. వేరే కంప్యూటర్‌లో తయారు చేసిన ఆ పెన్‌డ్రైవ్‌ను పెట్టి, డెల్, లెనోవో, ఏసర్‌లలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్ నొక్కితే బూట్ మెనూ వస్తుంది. పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ అరగంటపాటు ఇబ్బంది లేకుండా నడిచిందంటే మదర్‌బోర్డు, ర్యామ్, స్క్రీన్ దాదాపుగా బాగున్నట్టే. ఇక చూడాల్సింది డిస్కును, దానిలోని సాఫ్ట్‌వేర్‌నే. హార్డ్‌డిస్కులో ఒక్క బైటు కూడా మార్చకుండా ఇంత సమాచారం ఇచ్చే పరీక్ష మరొకటి లేదు.

ఉప్పుగాలి చేసే పని

సముద్రతీరంలో గాలితోపాటు ఉప్పు కణాలు ఎగిరివచ్చి ఎక్కడపడితే అక్కడ కూర్చుంటాయి. పొడిగా ఉన్నంతసేపు వాటివల్ల పెద్ద ప్రమాదం లేదు. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు తానే నీటిని పీల్చుకుని ద్రవమవుతుంది. విశాఖలో ఏడాదిలో చాలా రోజులు తేమ ఆ అంచు దాకా పోతుంది, రాత్రివేళ దాటుతుంది. అప్పుడు సర్క్యూట్ బోర్డు మీద కంటికి కనపడని ఉప్పునీటి పొర ఏర్పడుతుంది. అది విద్యుత్తును ప్రవహింపజేస్తుంది. అందులోని క్లోరైడ్ రాగిని తినేస్తుంది. పోర్టు వైపు నుంచి వచ్చే బొగ్గు, ఇనుప ఖనిజ ధూళి దానికి తోడైతే ఫ్యాను రెక్కలు, హీట్‌సింక్ సందులు పూడుకుపోతాయి. వేడెక్కిన ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి యంత్రాన్ని ఆపేస్తుంది. విండోస్ ఇన్‌స్టాల్ మధ్యలో ఆగిపోయే ల్యాప్‌టాప్‌లో చాలాసార్లు లోపం పెన్‌డ్రైవ్‌ది కాదు, ఈ ధూళిది.

ర్యామ్ కార్డు అంచున వరసగా ఉండే బంగారు రంగు పలకలను దగ్గరగా చూస్తే ఈ నష్టం కనిపిస్తుంది. బంగారం తుప్పు పట్టదు. కానీ ఆ పూత చాలా పల్చన. దాని సూక్ష్మరంధ్రాల గుండా తేమ కిందున్న నికెల్, రాగి దాకా చేరి, పైకి మచ్చలుగా తేలుతుంది. మెరుపు తగ్గి, అక్కడక్కడ గోధుమరంగు చుక్కలు పడిన ఆ అంచు సాకెట్‌లో సరిగా ఆనదు. బ్యాటరీ తీసి, ఛార్జర్ పీకి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి ఉంచి మిగిలిన విద్యుత్తును వదిలించాలి. ఆ తర్వాత ఆ అంచును మెత్తని పెన్సిల్ రబ్బరుతో తేలిగ్గా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక మళ్లీ బిగించాలి. ‘మదర్‌బోర్డు పోయింది’ అనుకున్న యంత్రాలు కొన్ని ఈ పనితోనే లేచి కూర్చుంటాయి. హార్డ్‌డిస్కు కింది బోర్డును విప్పితే లోపలి యంత్రాంగాన్ని తాకే చిన్న పలకల మీద కూడా ఇలాంటి నలుపే కనిపిస్తుంది.

మదర్‌బోర్డు మీద గడియారాన్ని నడిపే నాణెం ఆకారపు సెల్‌ను కూడా చూడాలి. ఎక్కువ వాటిలో అది 3 వోల్టుల సీఆర్2032. అది నిండుకుంటే రెండు చిక్కులు వస్తాయి. తేదీ ఏళ్లు వెనక్కి పోతుంది. దానితో వెబ్‌సైట్ల భద్రతా సర్టిఫికెట్లు చెల్లనివిగా కనపడి డౌన్‌లోడ్లు, యాక్టివేషన్ ఆగిపోతాయి. రెండోది, బయోస్ సెట్టింగులు మొదటికి వస్తాయి. డిస్కును చూసే పద్ధతి ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈకి మారిందంటే, బాగున్న విండోస్ కూడా నీలం స్క్రీన్ మీద ‘7బి’తో ముగిసే తప్పు చూపించి ఆగిపోతుంది. ఆ సెట్టింగ్‌ను వెనక్కి మారిస్తే చాలు, మళ్లీ విండోస్ వేయనక్కర్లేదు.

చివరగా డిస్కు ఆరోగ్యం. ప్రతి డిస్కూ స్మార్ట్ అనే పద్ధతిలో తన లెక్కలు తానే రాసుకుంటుంది. లైవ్ లినక్స్‌లోని డిస్క్స్ ప్రోగ్రాంతో వాటిని చూడవచ్చు. 5వ అంశం ఇప్పటికే పక్కన పెట్టేసిన సెక్టార్ల సంఖ్య. 197వది చదవడానికి మొరాయిస్తున్న సెక్టార్ల సంఖ్య. ఈ రెండూ సున్నా అయితే మంచిది. రోజురోజుకూ పెరుగుతుంటే ఆ డిస్కుకు కాలం దగ్గరపడింది. 199వది ఒక్కటే పెరుగుతుంటే తప్పు కేబుల్‌ది, కనెక్టర్‌ది. తీర నగరంలో ఈ తేడా గుర్తిస్తే మంచి డిస్కును పారేసే పొరపాటు తప్పుతుంది.

ముందు ఫైళ్లు

డిస్కు బాగుంటే ఫైళ్లు తీయడం తేలిక. లైవ్ లినక్స్ విండోస్ పార్టిషన్లను చదవగలదు కాబట్టి కావలసిన ఫోల్డర్లను మరో డిస్కులోకి కాపీ చేస్తే సరిపోతుంది. ‘డి డ్రైవ్‌లో ఉన్నవి పోవులే’ అనే ధీమా పనికిరాదు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ అన్నీ మామూలుగా సి డ్రైవ్‌లోని యూజర్స్ ఫోల్డర్‌లోనే ఉంటాయి. టాలీ డేటా ఫోల్డర్, అవుట్‌లుక్ పీఎస్‌టీ ఫైళ్లు, బ్రౌజర్‌లోని బుక్‌మార్కులు కూడా కాపీ చేసుకోవాలి. డిజిటల్ సంతకం టోకెన్‌కు సంబంధించిన సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షన్ రాసిపెట్టుకోవాలి.

తెలుగు ఇళ్లలో, డీటీపీ కేంద్రాల్లో ఇంకొకటి మరిచిపోకూడదు: అను ఫాంట్లు. యూనికోడ్ వ్యాప్తికి ముందు, తర్వాత కూడా చాలా ఏళ్లు, తెలుగు పుస్తకాలు, పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతోనే తయారయ్యాయి. యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉంటుంది. పాత ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాల సంఖ్యల మీదే తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు. ఫాంటు లేకుండా ఆ ఫైలు తెరిస్తే తెలుగు బదులు అర్థంలేని రోమన్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. అందుకే ఫైళ్లతోపాటు విండోస్‌లోని ఫాంట్స్ ఫోల్డర్‌ను కూడా కాపీ చేసుకోవాలి. వీలైతే ఆ ఫైళ్లకు ఒక పీడీఎఫ్ ప్రతిని కూడా తీసిపెట్టాలి.

డిస్కు మూలుగుతున్నా, టిక్కుటిక్కుమంటున్నా ఫైళ్లను ఒక్కొక్కటిగా కాపీ చేయకూడదు. చెడ్డ సెక్టార్ దగ్గర కంప్యూటర్ పదేపదే ప్రయత్నిస్తూ డిస్కును ఇంకా అరగదీస్తుంది. దీనికి గ్నూ డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. అది ముందు తేలిగ్గా చదవగలిగిన భాగాలన్నిటినీ తీసుకుంటుంది. మొరాయించిన చోట్లను ఒక మ్యాప్ ఫైలులో రాసుకుని దాటిపోతుంది, చివర్లో వాటి దగ్గరికి తిరిగి వస్తుంది. మధ్యలో కరెంటు పోయినా ఆ మ్యాప్ సాయంతో ఆగిన చోటు నుంచే కొనసాగుతుంది. సెకనుకు 30 ఎంబీ వేగం ఉండే యూఎస్‌బీ 2.0 మీద 500 జీబీ డిస్కు నకలుకు సుమారు నాలుగున్నర గంటలు పడుతుంది. చెడ్డ సెక్టార్లుంటే ఇంకా ఎక్కువ. ఆ తర్వాతి పనంతా ఆ నకలు మీదే చేయాలి.

పార్టిషన్ పట్టిక చెరిగిపోయి డిస్కు ఖాళీగా కనిపించినా ఆశ వదులుకోనక్కర్లేదు. టెస్ట్‌డిస్క్ పాత పార్టిషన్ల సరిహద్దులను వెతికి పట్టికను తిరిగి రాయగలదు. దాని జంట ప్రోగ్రాం ఫొటోరెక్ ఫైళ్ల పేర్లతో పనిలేకుండా వాటి మొదటి బైట్లను బట్టి గుర్తుపడుతుంది. ప్రతి జేపెగ్ ఫొటో ‘ఎఫ్ఎఫ్ డీ8 ఎఫ్ఎఫ్’ అనే మూడు బైట్లతో మొదలవుతుంది కాబట్టి, పట్టిక లేకపోయినా ఫొటోలు దొరుకుతాయి. పేర్లు, తేదీల వరస మాత్రం పోతుంది. ఈ రెండూ పనిచేయాలంటే పాత సమాచారం మీద కొత్తది రాసి ఉండకూడదు. ఎస్ఎస్‌డీలలోనేమో చెరిపిన చోటును డిస్కే శుభ్రం చేసుకుంటుంది కాబట్టి ఈ అవకాశం చాలా తక్కువ.

డ్రైవ్ అంతా చదవలేని రూపంలో కనిపిస్తే బిట్‌లాకర్ ఎన్‌క్రిప్షన్ ఉండి ఉంటుంది. దాన్ని తెరిచేది 48 అంకెల రికవరీ కీ. చాలామందికి అది వారి మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రంగా ఉంటుంది. ఆ కీ లేకుండా లోపలికి వెళ్లే దారి లేదు.

చెరపకుండా మరమ్మతు

ఫైళ్లు బయటపడ్డాక పాత విండోస్‌నే నిలబెట్టే ప్రయత్నం చేయవచ్చు. దీనికి అదే వెర్షన్, అదే 32 లేదా 64 బిట్ రకం ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ కావాలి. దాని నుంచి బూట్ చేసి, ఇన్‌స్టాల్ బదులు ‘రిపేర్’ ఎంచుకుంటే స్టార్టప్ రిపేర్, సిస్టమ్ రిస్టోర్, కమాండ్ ప్రాంప్ట్ కనిపిస్తాయి. పాత పద్ధతి డిస్కులో బూట్‌రెక్ ‘ఫిక్స్‌ఎంబీఆర్’ ఆదేశం ఎంబీఆర్‌లోని ప్రోగ్రాం భాగాన్ని మాత్రమే తిరిగి రాస్తుంది, పార్టిషన్ల పట్టిక జోలికి పోదు. యూఈఎఫ్ఐ యంత్రాల్లో బీసీడీబూట్ ఆదేశం ఈఎఫ్ఐ పార్టిషన్‌లో బూట్ ఫైళ్లను కొత్తగా పెడుతుంది. ఎస్ఎఫ్‌సీ దెబ్బతిన్న సిస్టమ్ ఫైళ్లను సరిచేస్తుంది. చెక్‌డిస్క్‌ను మాత్రం అరుగుతున్న డిస్కు మీద, ఫైళ్లు తీయకముందు నడపకూడదు. అది చిక్కుపడిన ఫైళ్లను కాపాడటానికి కాదు, ఫైల్ సిస్టమ్‌ను ఒక పద్ధతిలోకి తేవడానికి తయారైంది. ఆ క్రమంలో కొన్నింటిని తెంపేస్తుంది.

కొత్త ప్రతి, పాత లైసెన్సు

మరమ్మతు కుదరకపోతే కొత్తగా వేయాలి. విండోస్ 10, 11 ఇన్‌స్టాల్ ఫైళ్లను మైక్రోసాఫ్టే ఉచితంగా ఇస్తుంది. 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. మరోచోట దొరికిన ఐఎస్ఓ ఫైలును వాడాల్సి వస్తే దాని ఎస్‌హెచ్ఏ-256 చెక్‌సమ్‌ను అసలు దానితో పోల్చాలి. 64 అంకెల, అక్షరాల ఆ వరసలో ఒక్కటి తేడా ఉన్నా ఆ ఫైలును వాడకూడదు. పెన్‌డ్రైవ్ తయారీకి రూఫస్, వెంటాయ్ వంటి ఉచిత ప్రోగ్రాంలున్నాయి. ఫ్యాట్32 పద్ధతిలో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు. విండోస్ ప్రధాన ఫైలు చాలాసార్లు అంతకంటే పెద్దది కాబట్టి ఉత్తి కాపీ పేస్టుతో పెన్‌డ్రైవ్ తయారు కాదు. యంత్రం బయోస్‌దైతే ఎంబీఆర్, యూఈఎఫ్ఐది అయితే జీపీటీ ఎంచుకోవాలి. జీపీటీ పట్టికలో 128 పార్టిషన్లకు చోటుంటుంది కాబట్టి డి డ్రైవ్ కోసం రికవరీని బలిపెట్టే అవసరం ఇక రాదు.

లైసెన్సు కోసం మళ్లీ డబ్బు పెట్టాల్సిన పని చాలాసార్లు ఉండదు. విండోస్ 7 యంత్రాలకు అడుగున, లేదా బ్యాటరీ కింద 25 అక్షరాల కీ ఉన్న స్టిక్కర్ అంటించి ఉంటుంది. విండోస్ 8తో మొదలై కీ మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది, ఇన్‌స్టాలర్ దాన్ని తానే చదువుకుంటుంది. విండోస్ 10 ఒకసారి యాక్టివేట్ అయిన యంత్రాన్ని మైక్రోసాఫ్ట్ సర్వర్లు గుర్తుపెట్టుకుంటాయి. కీ అడిగినప్పుడు ‘లేదు’ అని ముందుకు పోతే ఇంటర్నెట్ అందగానే అదే యాక్టివేట్ అవుతుంది. ఎడిషన్ మాత్రం తప్పకూడదు. భారత్‌లో అమ్మిన ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ‘హోమ్ సింగిల్ లాంగ్వేజ్’ ఎడిషన్ ఉంటుంది. దాని బదులు ప్రో వేస్తే ఆ లైసెన్సు పనిచేయదు. అప్పుడు క్రాక్‌లు, యాక్టివేటర్ల వైపు చూడటం ప్రమాదం. యాంటీవైరస్‌ను ఆపేయమని అడిగే ప్రోగ్రాంకు బ్యాంకు పాస్‌వర్డులున్న యంత్రాన్ని అప్పగించినట్టవుతుంది.

డ్రైవర్ల వేట

విండోస్ వేశాక వైఫై లేకపోవడం, శబ్దం రాకపోవడం, స్క్రీన్ మసకగా ఉండటం మామూలే. వీటన్నిటికీ మందు డ్రైవర్లు. ముందు నెట్‌వర్క్ డ్రైవర్ కావాలి, అది వస్తే మిగతావి విండోస్ 10 చాలావరకు తానే తెచ్చుకుంటుంది. ఆ మొదటి మెట్టు ఎక్కడానికి ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే సరి. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తుతో కనిపించే పరికరం ఏదో తెలియకపోతే దాని హార్డ్‌వేర్ ఐడీ చూడాలి. అందులో తయారీదారు సంఖ్య 8086 అయితే ఇంటెల్, 10ఈసీ అయితే రియల్‌టెక్, 14ఈ4 అయితే బ్రాడ్‌కామ్. ఆ సంఖ్యను, పక్కనే ఉన్న పరికరం సంఖ్యను పట్టుకుని కంపెనీ సైటులో సరైన డ్రైవర్‌ను వెతకవచ్చు. విండోస్ 7 ఇన్‌స్టాలర్‌కు యూఎస్‌బీ 3.0 తెలియదు. అది ‘డ్రైవర్ లేదు’ అని మొండికేస్తే పెన్‌డ్రైవ్‌ను నీలం రంగు పోర్టు నుంచి తీసి నలుపు రంగు పోర్టులో పెట్టాలి.

ఏ సిస్టమ్ వేయాలి?

పాతదాన్ని యథాతథంగా తేవడం ఎప్పుడూ మంచిది కాదు. విండోస్ 7కు భద్రతా అప్‌డేట్లు 2020 జనవరి 14తో, విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విండోస్ 11కు టీపీఎం 2.0, సెక్యూర్ బూట్, 4 జీబీ ర్యామ్ కావాలి. ఇంటెల్‌లో అది ఎక్కువగా 8వ తరం ప్రాసెసర్ల నుంచే మొదలవుతుంది. అంతకంటే పాత యంత్రానికి ఇంటర్నెట్ మీద భద్రంగా పనిచేసే దారి లినక్స్. 4 జీబీ ర్యామ్ ఉంటే లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ, 2 జీబీ ఉంటే లుబుంటు లేదా యాంటిఎక్స్ నడుస్తాయి. టాలీ వంటి విండోస్ ప్రోగ్రాం తప్పనిసరి అయినచోట విండోస్‌నే ఉంచి, ఆ యంత్రంలో బ్రౌజింగ్ తగ్గించడం మేలు.

లినక్స్‌లో తెలుగుకు లోటు లేదు. ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ కీబోర్డులు రెండూ ఉన్నాయి. అమెరికాలోని తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో కలిసి విడుదల చేసిన మండలి, రామభద్ర వంటి యూనికోడ్ ఫాంట్లు డెబియన్‌లో ‘తెలుగువిజయం’ పేరుతో ఒక్క ప్యాకేజీగా దొరుకుతాయి. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగులో మెనూలుండే లినక్స్‌ను, బడిపిల్లల కోసం బాలస్వేచ్ఛను రూపొందించింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారుచేసిన బాస్ లినక్స్‌లో కూడా భారతీయ భాషలున్నాయి.

సిస్టమ్ ఏదైనా, పాత హార్డ్‌డిస్కు బదులు 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ పెట్టడం ఖర్చుకు తగిన ఫలితమిచ్చే మార్పు. నిమిషానికి 5400 సార్లు తిరిగే డిస్కులో కావలసిన సెక్టార్ హెడ్ కిందికి రావడానికే సగటున ఐదున్నర మిల్లీసెకన్లు పడుతుంది, హెడ్ కదలడానికి పట్టే కాలం దానికి అదనం. ఎస్ఎస్‌డీకి మొత్తం పని సుమారు పదో వంతు మిల్లీసెకనులో అయిపోతుంది. సిస్టమ్ బూట్ అంటే వేలాది చిన్న ఫైళ్లు చదవడమే కాబట్టి ఆ తేడా నిమిషాల్లో తెలుస్తుంది.

సొంత రికవరీ

అన్నీ సరిగ్గా కుదిరిన రోజునే, సొంత ఫైళ్లు తిరిగి ఎక్కించకముందే, క్లోన్‌జిల్లాతో డిస్కు మొత్తానికి ఒక ఇమేజ్ తీయాలి. అది ఖాళీ చోటును వదిలేసి, నిండిన భాగాన్ని కుదించి దాస్తుంది కాబట్టి కొత్త సిస్టమ్ ఇమేజ్ ఒక మామూలు పెన్‌డ్రైవ్‌లో పడుతుంది. కంపెనీ ఇచ్చిన రికవరీకంటే ఇది మెరుగు. ఇందులో అప్‌డేట్లు, డ్రైవర్లు, తెలుగు ఫాంట్లు అన్నీ ఉంటాయి, పైగా ఇది డిస్కుకు బయట ఉంటుంది.

దాన్ని ఎక్కడ ఉంచాలో 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్ తుపాను చూపించింది. కిటికీ అద్దాలు పగిలి వాన నీరు గదుల్లోకి కొట్టింది. నగరంలో చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు, ఫోన్ సిగ్నల్ లేవు. ల్యాప్‌టాప్ పక్కనే ఉంచిన బ్యాకప్ డిస్కు దానితోపాటే తడుస్తుంది. ఇంటర్నెట్‌లో మాత్రమే ఉన్న ప్రతి సిగ్నల్ లేని రోజుల్లో అందదు. అందుకే ముఖ్యమైన ఫైళ్లకు మూడు ప్రతులుండాలి, అవి రెండు రకాల సాధనాల మీద ఉండాలి, ఒకటి మరో ఇంట్లోనో క్లౌడ్‌లోనో ఉండాలి. తడిసిన ల్యాప్‌టాప్‌ను ఆరిందో లేదో చూద్దామని ఆన్ చేయకూడదు. ఉప్పునీరు తగిలిన బోర్డులో కరెంటు పారితేనే అసలు నష్టం జరుగుతుంది. బ్యాటరీ తీసి, డిస్కు విడదీసి, తెలిసినవారికి అప్పగించాలి.

రికవరీ సామగ్రిని గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో ఉంచితే తేమ బాధ తగ్గుతుంది. అందులో ఉండాల్సినవి ఇవి: ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్, సిస్టమ్ ఇమేజ్ ఉన్న పెన్‌డ్రైవ్ లేదా డిస్కు, ఆ మోడల్ డ్రైవర్లు, లైసెన్సు కీ, బిట్‌లాకర్ కీ రాసిన కాగితం, ఇమేజ్ తీసిన తేదీ. తయారు చేసిన రోజున ఒకసారి, ఆపై ఏటా తుపాన్ల కాలానికి ముందు ఒకసారి ఆ పెన్‌డ్రైవ్ నుంచి యంత్రాన్ని బూట్ చేసి చూడాలి. అలా బూట్ అయిన పెన్‌డ్రైవ్‌నే రికవరీగా లెక్కించాలి.